స్వయంభూ గాంధారము

ఓరుగల్లు కోట నడుమ, ఒకప్పుడు స్వయంభూదేవుని యాలయము వెలసిన చోట, నాలుగు దిక్కులయందు నాలుగు శిలాతోరణములు నేటికిని నిలిచియున్నవి. 1323లో పట్టణము ఢిల్లీ సైన్యముల వశమైన పిమ్మట గర్భగుడి పోయినది, మండపములు పోయినవి, లతలును హంసల బారులును చెక్కిన రాళ్లు తలక్రిందులై గడ్డిలో పడియున్నవి. తోరణములు మాత్రము, లోపలికి దయచేయుడని పిలుచు గృహస్థులవలె, ఏడువందల యేండ్లుగా నట్లే నిలిచి తమ నడుమనున్న బయలును చూపుచున్నవి. బాల్యమున నేను వానిని చూచి జాలిపడెడివాడను. ఇల్లు కూలి గడప మిగిలినట్లు తోచెడిది. గత పుష్యమాసమున నొకనాటి సాయంకాలము, చూడవచ్చినవారందరు వెడలిపోయిన వేళ, తూర్పు తోరణము క్రింద నిలిచియుండగా ఆ జాలి నన్ను విడిచినది. ఆ బయలునకు కొలత యున్నది. తోరణములు లేనిచో నది వట్టి మైదానము. అవి నిలుచుటచేత ప్రాంగణమైనది.

ఆ రాత్రియే హనుమకొండలోని మా యింటి ముందుగదిలో నేనొక ఆల్బమును వింటిని. పేరు ‘టాబులా రాసా’. లాటిను భాషలో నీ మాటకు తుడిచిన పలక యని యర్థము. జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు చెందిన ఇ.సి.ఎం. సంస్థ 1984లో దీనిని వెలువరించినది. స్వరకర్త ఎస్టోనియా దేశీయుడు ఆర్వో పార్ట్. ప్రధాన వాదకుడు లాట్వియాలోని రీగాలో 1947లో జన్మించిన వయొలిన్ విద్వాంసుడు గిడోన్ క్రెమెర్. వినుటకు గంటకంటె తక్కువ కాలమే పట్టును. నలుబది యేండ్లు దాటిన యీ ఆల్బమును గూర్చి ఓరుగల్లువాడు వ్రాయవలసినదేమున్నదని పాఠకులడుగవచ్చును. తెలుగు చెవికి దీనితో నొక చుట్టరికమున్నదనియు, ఆ చుట్టరికమునకు పేరు మన కోట నడుమనే యున్నదనియు నా నమ్మకము. ఆ నమ్మకమును నివేదించుటకే యీ ప్రయత్నము.

వినుటలో నాకు తోడుగా ఆనాడొక పెద్దమనిషి యుండెను. నలుబది యేండ్లపాటు పిల్లలకు ఫిడేలు నేర్పి విశ్రాంతి తీసికొనుచున్న యాయనను మా వీధిలో నందరును ‘సారు’ అనియే పిలుతురు. సరళీ వరుసలనుండి పల్లవివరకు ఆయన చేతులమీదుగా నడచిన శిష్యులు ఈ జిల్లాలో పెక్కుమంది కలరు. మొదటి అంకము నాలుగు నిమిషములు సాగినదో లేదో, సారు నావైపు తిరిగి, “ఏమయ్యా, వీళ్లింక శ్రుతే పెడుతున్నరా, పాట మొదలువెట్టిన్రా?” అని యడిగిరి. ఆయన ముఖమున వెక్కిరింత లేదు. శ్రుతి కలియువరకు పాట మొదలు పెట్టరాదని జీవితమంతయు శిష్యులకు చెప్పిన మనిషి, మర్యాదగా, తెలిసికొనవలెనను కోరికతో నడిగిన ప్రశ్న యది. నాకపుడు సమాధానము దొరకలేదు. ఈ ఆల్బమును గూర్చి నేను చదివిన పాండిత్యపు మాటలన్నిటికంటె ఆ ప్రశ్నయే దీని గుట్టునకు దగ్గరగా నున్నదని తరువాత తెలిసినది.

ఆర్వో పార్ట్ 1935 సెప్టెంబరు 11న ఎస్టోనియాలోని పైడె పట్టణమున జన్మించెను. ఆయన బాల్యముననే ఆ దేశము సోవియెట్ రాజ్యములో కలిసిపోయినది. ఆయన రేడియోలో ధ్వనిముద్రణ ఇంజనీరుగా పనిచేయుచు, ఐరోపాలో నాడు క్రొత్తగా నుండిన పండ్రెండు స్వరముల పద్ధతిలో క్లిష్టరచనలు చేసెను. 1968లో వెలువడిన ‘క్రెడో’ అను రచనలో క్రైస్తవ విశ్వాసమును బహిరంగముగా ప్రకటించినందున పాలకుల యాగ్రహమునకు గురియయ్యెను. పిమ్మట ఎనిమిదేండ్లు దాదాపు మౌనము. వ్రాయుటకు శక్తి చాలక కాదు, వ్రాయదగినది కానరాకపోవుటచేత ఆయన వ్రాయలేదు. ఆ యేండ్లలో మధ్యయుగపు క్రైస్తవ మఠములలో వాద్యములు లేక, ఒక్క గొంతుగా పాడిన గానమును విద్యార్థివలె మరల మొదటినుండి యభ్యసించెను. 1976లో ‘ఫ్యూర్ ఆలీనా’ అను చిన్న పియానో రచనతో మౌనము వీడినది. ఆ రచనలో స్థిరపడిన పద్ధతికి ‘టింటినాబులి’ అని ఆయన పేరు పెట్టెను. చిఱుగంటలని దాని యర్థము.

పద్ధతి చూచుటకు మిక్కిలి సులభము. రెండు గొంతులు కలిసి నడచును. ఒకటి స్వరక్రమమున మెట్టు మెట్టుగా నెక్కుచు దిగుచుండును. రెండవది ఆధారమైన మూడు స్వరములను, మన మాటలలో చెప్పవలెనన్న స-గ-ప లను, విడిచి యెచటికిని పోదు. ఒకటి తిరుగును, ఒకటి యింటనుండును. ఈ యింటనుండు గొంతు మనకు క్రొత్తది కాదు. గాయకుని వెనుక కూర్చుండి, ఎవరి చప్పట్లను కోరక, కచేరి మొదటినుండి చివరిదాక ఆ మూడు నాలుగు తీగలనే మీటుచుండు తంబురా మనకు తెలియనిదా!

ఈ సంగీతము లోకమునకు చేరిన తీరు కూడ వినదగినది. ఇ.సి.ఎం. స్థాపకుడు మన్‌ఫ్రెడ్ ఐషర్ ఒక రాత్రి కారులో పోవుచు రేడియోలో నీ సంగీతమును వినెను. ఎవరిదో తెలియలేదు. చక్కగా వినబడు చోట కారు నాపుకొని చివరివరకు విని, ఆ స్వరకర్త యెవరో తెలిసికొనుటకు ఎంతో కాలము వెదకెను. తుదకు 1984లో తన సంస్థలో ‘న్యూ సిరీస్’ అను క్రొత్త శాఖనే యీ ఆల్బముతో ప్రారంభించెను. అంతవరకు జాజ్ సంగీతమునకు పేరెన్నికగన్న సంస్థ యది. అందుచేతనే ఇందలి మొదటి యంకమున క్రెమెర్ ప్రక్కన పియానో ముందు కూర్చున్నది జాజ్ విద్వాంసుడు కీత్ జారెట్. జాజ్ వాదకునకు అలంకారము ప్రాణము. ఇచట వ్రాసిన స్వరమునకు మించి యొక్క స్వరమైన వేయక ఆయన పాటించిన నిగ్రహమును నేను ప్రత్యేకముగా గౌరవింతును.

కొలది స్వరములతో, కొలది మార్పులతో, ఆవృత్తిపై నిలుచు ఇట్టి సంగీతమును ‘మినిమలిజము’ అందురు. పార్ట్‌కంటె ముందే అమెరికాలో నది వేళ్లూనినది. టెర్రీ రైలీ 1964లో ‘ఇన్ సి’ రచించెను. స్టీవ్ రైక్ 1967లో ‘వయొలిన్ ఫేజ్’ అను రచనలో, ఒక ఫిడేలును దాని ధ్వనిముద్రికలతోనే జంట కలిపి, ఒకే పలుకును రెండు చేతులు వాయించుచుండగా నొకటి వెంట్రుకవాసి ముందునకు జరిగినచో ఏమగునో చూపెను. ఫిలిప్ గ్లాస్ పారిస్‌లో పండిత రవిశంకరుని వాద్యమును ఒక చలనచిత్రము కొరకు పాశ్చాత్య లిపిలో వ్రాయవలసివచ్చినపుడు మన తాళముల యావర్తనమును చూచి విస్మయపడి, తన మార్గమునే మార్చుకొనెను. గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికా పోరాటముపై 1980లో ఆయన ప్రదర్శించిన ‘సత్యాగ్రహ’ గేయనాటకములోని మాటలన్నియు సంస్కృత భగవద్గీతనుండి గ్రహించినవే. లా మాంటె యంగ్ అను మరియొక స్వరకర్తయు రైలీయు నిద్దరును కిరానా ఘరానా గాయకుడు పండిత ప్రాణనాథునకు శిష్యులై తంబురా ముందు కూర్చుండిరి.

ఇంత చెప్పినది, ఇదంతయు మననుండియే పోయినదని గర్వించుటకు గాదు. పార్ట్ విషయమున ఆ మాట నిజము కూడ కాదు. ఆయన త్రోవ భారతదేశముమీదుగా పోలేదు, తన మతపు ప్రార్థనాగానము మీదుగా, గంటల మ్రోతమీదుగా పోయినది. వేరు త్రోవను వచ్చిన బాటసారి మన యింటి ముంగిటనే నిలిచినపుడు కలుగు ఆనందమే నేను చెప్పదలచినది.

ఆల్బములోని మొదటి అంకము ‘ఫ్రాత్రెస్’. సోదరులని యర్థము. 1977లో వేఱు వాద్యములకు వ్రాసిన దీనిని 1980లో సాల్జ్‌బర్గ్ ఉత్సవము కొరకు ఫిడేలునకును పియానోకును అనువుగా పార్ట్ మార్చెను. ఫిడేలు ఒంటరిగా మొదలు పెట్టును. కమాను నాలుగు తీగలమీదను అలలు అలలుగా దొరలి, మెల్లగా నెత్తుకొని, ఉద్ధృతమై, హఠాత్తుగా నాగును. పియానో క్రిందిస్థాయిలో రెండు స్వరములను, ‘స-ప’ లను, దేవాలయపు తలుపు తట్టినట్లు పలుకును. అటుపై వరుసగా స్వరసముదాయములు; వాని నడుమ నడుమ మరల ఆ తట్టుడే. ప్రతి సముదాయము ఏడు మాత్రలతో మొదలై, తొమ్మిదికి పెరిగి, పదునొకండునకు పెరుగును.

సారు తొడమీద వ్రేళ్లతో లెక్కపెట్టుచుండుట నేను చూచితిని. రెండు మూడు సముదాయములు గడచిన పిమ్మట, “స్రోతోవహ” అని మెల్లగా ననిరి. సన్నగా పుట్టి పోను పోను వెడల్పగు నదివలె సాగు యతికి మన లక్షణకారులు పెట్టిన పేరది. ఆవుతోకవలె వెడల్పునుండి సన్నగా సాగునది గోపుచ్ఛ యతి. ముత్తుస్వామి దీక్షితులు ఆనందభైరవిలో ‘త్యాగరాజ యోగ వైభవం’ అను కీర్తనయందు ఈ రెంటిని సాహిత్యపు మాటలలోనే కూర్చిన సంగతి సంగీతవిద్యార్థులకు తెలియును. ఎస్టోనియాలోని స్వరకర్తకు ఈ పేరు తెలిసియుండవలసిన పనిలేదు. నది యచటనైనను అట్లే పారును.

రెండవది ‘కాంటస్’. ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 1976 డిసెంబరులో మరణించినపుడు, ఆయనను కలిసికొనవలెనన్న కోరిక తీరకయే పోయినందున కలిగిన శోకముతో పార్ట్ వ్రాసిన రచన యిది. ఇది వయొలిన్ ఏకవాద్యము కాదు, తీగవాద్యముల సమూహము. అయినను ఈ ఆల్బములో నేనెక్కువ సేపు నిలువదలచిన చోటిదియే. ఇందలి రాగద్రవ్యమంతయు ఒక అవరోహణమే. మన మాటలలో నటభైరవి స్వరస్థానములలో పైషడ్జమమునుండి క్రిందికి దిగు మెట్లు. దానినే ఐదు వర్గముల వాద్యములు ఐదు కాలములలో వాయించును. ఒక వర్గము వేయు వేగమునకు రెండవది సగము, మూడవది దానిలో సగము. ఇట్లు అన్నిటికంటె మందముగా నడచు వర్గము మొదటిదానికి పదునారవ వంతు వేగమున దిగుచుండును. మన పిల్లలు వర్ణమును మొదటి కాలమునందు, రెండవ కాలమునందు, మూడవ కాలమునందు ఒకదాని తరువాత నొకటిగా పాడుదురు గదా. ఆ కాలములన్నియు ఒకే క్షణమున వినబడినచో నెట్లుండునో ఊహింపుడు. త్వరపడు దుఃఖము, నింపాదిగా నడచు దుఃఖము, కదలుచున్నదో లేదో తెలియని దుఃఖము, అన్నియు నొకే మెట్లమీదుగా క్రిందికి దిగి, ఒక్కొక్కటిగా తన క్రిందిస్వరమును చేరి అచటనే నిలిచిపోవును. వీని నడుమ నొకే గంట, ఒకే స్వరము, విడిచి విడిచి మ్రోగుచుండును.

చివరనే ఆశ్చర్యము జరుగును. వాద్యములన్నియు పూర్ణబలముతో నిలిచి పలుకుచుండగా, వినబడనంత మెల్లగా గంటను మరియొకమారు కొట్టుదురు. వాద్యములు ఒక్కసారిగా నాగును. అపుడు, అంతవరకు మరుగుననున్న ఆ గంట మ్రోత గదిలో మిగిలి, అందులోనుండి ఎవ్వరును వాయించని యొక గాంధారము తేలివచ్చును. రచన యంతయు విషాదమైన సాధారణ గాంధారమున నడచినది. గంట కడుపులోనుండి పుట్టునది అంతర గాంధారము. శోకాంతమున నెవ్వరును పిలువకయే వచ్చిన ప్రసన్నత యది.

సారు కుర్చీలో నిటారుగా కూర్చుండిరి. “మళ్లొక్కసారి పెట్టు” అనిరి. రెండవమారు వినిన పిమ్మట ఆయన నోటివెంట వచ్చిన మాటయే ఈ వ్యాసమునకు శీర్షికయైనది: స్వయంభూ గాంధారము.

సంగీతము తెలియని పాఠకుల కొరకు దీనిని కొంచెము విప్పవలెను. తంబురాకు నాలుగు తీగలు. పంచమమున కొకటి, షడ్జమమున కలిపిన రెండు, మంద్రషడ్జమమున కొకటి. గాంధారమునకు తీగ లేదు. అయినను చక్కగా శ్రుతి చేసి, గుర్రముమీద తీగ క్రింద సన్నని నూలుపోగును, దానిని ‘జీవ’ యందురు, సరియైన చోటునకు జరిపి, నిదానముగా మీటినచో, మంద్రషడ్జమపు తీగలోనుండి అంతర గాంధారము స్పష్టముగా వినవచ్చును. కదలు తీగ నిండుగా మాత్రమే కదలదు. తనలో సగముగను, మూడవవంతుగను, నాలుగవ, ఐదవ వంతులుగను కూడ అదే క్షణమున కదలుచుండును. మూడవవంతు కదలిక పంచమమును, ఐదవవంతు కదలిక గాంధారమును పుట్టించును. ఎవ్వరును మీటకయే పుట్టినది గావున దానిని స్వయంభువన్నారు. సాధారణ గాంధారముతో నడచు తోడి రాగములో పాడునపుడు కూడ తంబురాలోని యీ గాంధారము వెనుకనుండి పలుకుచునే యుండును. గాయకుడు దానిని తోసివేయలేడు, దానితో కలిసి బ్రతుకవలసినదే. శ్రుతి పెట్టుటయనగా తీగలను బిగించుట మాత్రమే కాదు, ఈ పిలువని యతిథి వచ్చి కూర్చుండుటకు చోటు చేయుట. “వీళ్లింక శ్రుతే పెడుతున్నరా” అని సారు వేసిన ప్రశ్నకు ఔనన్నదే సమాధానము. వీరు రచన పొడవునను శ్రుతియే పెట్టుచున్నారు. ఓరుగల్లు కోట నడుమ వెలసిన దేవునికి కాకతీయులు పెట్టుకొనిన పేరును, తంబురాలో పుట్టు స్వరమునకు మన పెద్దలు పెట్టిన పేరును ఒకటియేయని ఆ రాత్రియే నాకు తట్టినది. ఎన్నడో తట్టవలసినది.

తెలుగునాట ఫిడేలును ఒంటరిగా సభాముఖమున కూర్చుండబెట్టిన ఘనత ద్వారం వేంకటస్వామినాయుడుగారిది. ‘ఫిడేలు నాయుడుగారు’ అన్నచో నా తరమువారి యిండ్లలో మరియొక వివరణ మక్కరలేకుండెను. 1893లో జన్మించిన యాయనకు కంటిచూపు తక్కువ. 1919లో విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరుటకు పోయి, వాయించి వినిపించగా, విద్యార్థిగా కాక ఆచార్యునిగా నియమింపబడెను. ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత 1936లో ఆ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. అంతవరకు ఫిడేలు గాయకుని నీడ. నీడకు తన సొంత రూపమున్నదని చూపుటకు 1938లో వేలూరున ఆయన ఏకవాద్య కచేరి చేసెను. 1952లో మన దేశమునకు వచ్చిన పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాద్యము విని మెచ్చుకొనెను. ఇవన్నియు తెలిసిన సంగతులే. తంబురా లక్షణములను గూర్చి నాయుడుగారు పనిగట్టుకొని వ్యాసము వ్రాసిరన్న సంగతి మాత్రము తక్కువమందికి తెలియును. ఫిడేలు విద్వాంసునకు తంబురాతో నేమి పని? తన కమాను నుండి వచ్చు నాదము ఏ నాదమునకు ఋణపడియున్నదో ఆయనకు తెలియును గనుక వ్రాసిరి.

మా తండ్రిగారి గ్రామఫోనుమీద తిరిగిన నాయుడుగారి రికార్డులు నాకింకను చెవిలో నున్నవి. ఆ నల్లని పళ్లెరమునకు ఒక ప్రక్కన సుమారు మూడున్నర నిమిషములు మాత్రమే చోటు. గంటసేపు విస్తరింపగల రాగమును ఆ యిరుకులో చెప్పవలెను. ఆయన తొందరపడలేదు. స్వరములను కుక్కలేదు. విడిచిపెట్టవలసినది విడిచిపెట్టి, మిగిలిన నాలుగు సంచారములను నిండు కమానుతో, ప్రతి స్వరమునకు ఊపిరి తీసికొను తావిచ్చి పలికించిరి. యంత్రపు నిర్బంధము ఆయన చేతిలో శిల్పనియమమైనది. మితత్వమునకు నేను నేర్చుకొనిన మొదటి పాఠమది. పార్ట్‌ను వినుటకు నా చెవి తెరచినదియు అదియే.

ఈ మార్గమున ఇంకను సాహసించినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఆయనను గాయకునిగానే లోకమెఱుగును. ఫిడేలు ప్రక్కవాద్యము వాయించిరి, వయోలాపై ఏకవాద్య కచేరులు చేసిరి. రాగమనగా కనీసము ఐదు స్వరములుండవలెనని శాస్త్రము. ఆయన ‘మహతి’ అని స-గ-ప-ని లతో, ‘లవంగి’ అని స-రి-మ-ధ లతో నాలుగు స్వరముల రాగములను కల్పించి, అంతటితో నాగక, ‘సర్వశ్రీ’, ‘గణపతి’, ‘ఓంకారి’ అని మూడేసి స్వరముల రాగములను కూడ కల్పించిరి. పండితులు కొందరు ఆగ్రహించిరి; మూడు స్వరములది రాగమెట్లగునని వాదములు జరిగినవి. డెబ్బదిరెండు మేళకర్తలన్నిటిలోను కృతులు వ్రాసిన మనిషికి స్వరముల కఱవు లేదు. అన్నియు చేతనున్నవాడు మూడింటిని మాత్రమే యుంచుకొని తలుపు మూసికొనుటలో తపస్సు వంటి దేదో కలదు. పార్ట్ ఎనిమిదేండ్లు మౌనముండి చేరినదియు ఆ మూడు స్వరముల గదినే.

భేదము లేదనను. సారు మొదటినుండియు నొక యభ్యంతరము చెప్పుచునే యుండిరి. “గమకం లేదయ్యా. స్వరం పుట్టంగనే నిలబడ్డది.” మన ఫిడేలు వాదకుడు నేలమీద కూర్చుండి, వాద్యపు తలను కుడిపాదముమీద నానించి, తీగలను స-ప-స-ప లుగా శ్రుతి చేసికొని, ఎడమచేతిని స్వేచ్ఛగా జార్చును, ఆ జారుటలోనే రాగము ప్రాణము. బాలమురళిగారి మూడు స్వరములలో ఆ కదలిక యుండుటచేత మూడు వందల ఛాయలు పుట్టును. క్రెమెర్ నిలుచుండి, గడ్డము క్రింద వాద్యమును బిగించి, స్వరమును చుక్క పెట్టినట్లు పెట్టును. ఇచట కంపనమును కూడ తగ్గించి, గాజుపై గీచిన గీతవలె వాయించును. మన చెవికిది మొదట దరిద్రముగా తోచుట సహజము. నాకును తోచినది. పదిమారులు వినిన పిమ్మట, కదలిక లేదనుకొనిన చోట అది స్వరమునుండి తొలగి స్వరమునకు స్వరమునకు నడుమనున్న తావులోనికి పోయినదని తెలిసినది.

మితత్వమను పేరిట వచ్చునదంతయు గొప్పదని కూడ నేననను. నిద్రకొరకనియు మనశ్శాంతికొరకనియు నేడు ఫోనులలో దొరకు మెత్తని పియానో ముద్రికలు వేలకు వేలు. అందు చాలవరకు తీపినీరు. ఒక పలుకును నూరుమారులు చెప్పుట సులభము. నూరవమారు అది చెప్పితీరవలసినదిగా చేయుట కష్టము. పొదుపునకును పేదరికమునకును భేదము చేతనున్న సంపదలో నున్నది.

చెప్పవలసినదాని కొరకు ఒకే శ్రుతిని నమ్ముకొనిన కళలు మన జిల్లాలలో నున్నవే. శారదకథల గాయకుడు భుజముమీద ‘శారద’ను ఆన్చుకొని, రాత్రి పొడవునను ఒకే శ్రుతిని మీటుచు, దానిమీద రాజుల కథలు, వీరుల మరణములు, ఆడుబిడ్డల కష్టములు నిలువబెట్టును. తీగ మారదు, దానిపై లోకము మారుచుండును. ఈ ప్రాంతపువాడే యైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వాద్యముల పేరులనెన్నింటినో ఏకరువు పెట్టెను. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. 1213 నాటి రామప్పగుడిలో గర్భాలయ ద్వారముచెంత వేణుగోపాలుని చెక్కిన రాతిని గైడు వ్రేలితో తట్టి చూపును, రాయి మ్రోగును. సప్తస్వరములు పలుకునని వారు చెప్పుదురు. నాకు వినబడిన రెండు మూడు స్వరములు చాలినవి. కాకతీయశిల్పి జానెడు రాతినైనను చెక్కక విడువని ఐశ్వర్యవంతుడు. అయినను ఆ ఐశ్వర్యమంతటి నడుమ రాయి మ్రోగుట కొరకు కొంత బోలును విడిచిపెట్టినాడు.

ఆల్బములోని చివరి రచనయే ‘టాబులా రాసా’. 1977 సెప్టెంబరు 30న ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఎరి క్లాస్ నిర్వహణలో తొలిసారి వినిపించినపుడు, క్రెమెర్‌తోడను తత్యానా గ్రిండెంకో అను వాదకురాలితోడను రెండు ఫిడేళ్లు. తీగల నడుమ మరలు బిగించి గంటలవలె మ్రోగునట్లు చేసిన పియానో ముందు స్వరకర్త ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కే. సాధనవేళ స్వరపత్రములను చూచిన వాద్యకారులు, సంగీతమెక్కడనని యడిగిరట. పుటలంత తెల్లగా నుండెను. ఆల్బములోని ముద్రణ ఆ సంవత్సరమే నవంబరులో జర్మనీలోని బాన్ నగరమున, లిథువేనియా వాద్యబృందము సహకారముతో జరిగినది.

రచనకు రెండు భాగములు. మొదటిది ‘లూదుస్’, ఆట. రెండు ఫిడేళ్లు ఒకే స్వరమును పైస్థాయిలోను క్రిందిస్థాయిలోను బిగ్గరగా నొకమారు పలికి యాగును. నిశ్శబ్దము. యంత్రము చెడినదేమోయని లేచితిని. తరువాత వాద్యములు మెల్లగా నందుకొనును. మరల నిశ్శబ్దము, ఈమారు కొంచెము పొట్టిది. ఆట పెరుగుకొలదియు మౌనము తరుగును. “అదిగో, ఒకటి స్రోతోవహ, ఒకటి గోపుచ్ఛ” అని సారు చిన్నపిల్లవానివలె సంతోషించిరి.

రెండవ భాగము ‘సిలెంతియుమ్’, మౌనము. పియానో గంట మ్రోగినపుడెల్ల రెండు ఫిడేళ్లు నడుమ స్వరమునుండి బయలుదేరి, ఒక్కొక్క మెట్టు దూరము పెంచుకొనుచు పోయి మరల నింటికి వచ్చును. వేగము లేదు, ఉద్రేకము లేదు, పదునైదు నిమిషములకు మించి ఇదియే. అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి విజృంభించిన రోజులలో, అవసానదశలోనున్న రోగులు ఈ భాగమునే మరల మరల వినిపింపుమని కోరెడివారని సంగీతవిమర్శకుడు అలెక్స్ రాస్ వ్రాసెను. అది చదివినప్పటినుండి దీనిని పనిచేసికొనుచు వినుట మానివేసితిని.

చివరకు వచ్చుసరికి ఫిడేళ్లు ఎగువకు పోయి వినరాకుండ పోవును. వాటి త్రోవను క్రిందిస్థాయి వాద్యములు అందుకొని దిగుచు పోవును. తుదకొక్క డబుల్ బాస్ మిగులును. అది మన నటభైరవి మెట్లమీద దిగి దిగి, మంద్రషడ్జమమునకు ముందున్న రిషభముపై కమాను పెట్టి, ఆగును. షడ్జమము రాదు. అది వ్రాయబడలేదు, దాని చోట స్వరపత్రమున విరామచిహ్నములు మాత్రమున్నవి.

వీధిలో నెవరిదో మోటారుసైకిలు పోయినది. సారు ఎడమచేతిని తొడమీద నుంచుకొని, కుడిచేతితో తాళము లెక్కించుచు అట్లే కూర్చుండిరి. ఆల్బము ముగిసి యంత్రపు దీపమారిన పిమ్మట కూడ ఆ చేయి పడుచు లేచుచునే యుండినది. మరి నాలుగు ఆవర్తములు లెక్కించి, ఆ షడ్జమము ఎచటనుండవలెనో అచట చేతిని మెల్లగా దించి, తీయక, అట్లే యుంచిరి.